సైనిక దీవులు, ప్రవేశ నిషేధ చట్టాలు

వలస పాలకులు సైనిక అవసరాల కోసం కొన్ని దీవులను తమ గుప్పిట్లోకి తీసుకుని, అక్కడికి సామాన్యులు వెళ్లకుండా చేసిన శాసనాలను ఈ పేరుతో కలిపి చెప్పుకోవచ్చు. దీవి మీద దిగకూడదు, పడవలో దగ్గరికి పోకూడదు, బొమ్మ గీయకూడదు, ఫొటో తీయకూడదు అన్నవి మామూలు ఆంక్షలు. కొన్నిచోట్ల అక్కడే పుట్టి పెరిగినవారు కూడా తిరిగి అడుగు పెట్టకూడదన్నారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో ఈ ధోరణి 19వ శతాబ్ది చివరలో బలపడింది. హాంకాంగ్ రేవులోని స్టోన్‌కట్టర్స్ దీవి 1860లో బ్రిటిష్ వారి చేతికి వచ్చింది. ఆ శతాబ్ది ముగిసేలోగా, ఆ ఒక్క దీవి కోసమే ప్రత్యేకంగా ఆర్డినెన్సు చేసి జనం రాకను కట్టడి చేశారు. భారతదేశంలో ఒక్కో దీవికి ఒక్కో చట్టం చేయలేదు. ఏ స్థలానికైనా, దీవికైనా, కొండకైనా, రేవుకైనా అతికేలా విశాలమైన చట్టాలు రాసుకున్నారు. అందుకే అవి నేటికీ బతికి ఉన్నాయి.

తెలుగువారికి ఈ విషయం దూరపుదేమీ కాదు. తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డ చుట్టుపక్కల బళ్లారి సీమలో, సికింద్రాబాదు వీధుల్లో, పులికాట్ మీద, అండమాన్‌లో, మారిషస్‌లో తెలుగు కుటుంబాలు ఈ చట్టాల నీడలోనే కాలం గడిపాయి.

చట్టాలు పుట్టిన తీరు

బ్రిటన్‌లో 1889లో అధికార రహస్యాల చట్టం వచ్చింది. అదే ఏడాది ఇక్కడ 15వ నంబరు చట్టంగా భారత అధికార రహస్యాల చట్టం చేశారు. వైస్రాయి కర్జన్ కాలంలో, 1904లో, సైనిక విషయాలకే కాక పౌర పాలనా విషయాలకు కూడా దాన్ని విస్తరించారు. ఆ సవరణను కేంద్ర శాసన మండలిలో గోపాలకృష్ణ గోఖలే గట్టిగా వ్యతిరేకించాడు. 1911లో జర్మనీ భయం ముదిరిన రోజుల్లో బ్రిటిష్ పార్లమెంటు మరింత కఠినమైన చట్టాన్ని హడావుడిగా ఆమోదించింది. అది సామ్రాజ్యమంతటికీ వర్తించింది. ఇవన్నీ కలిపి కూర్చినదే 1923 ఏప్రిల్ 2న వచ్చిన అధికార రహస్యాల చట్టం, ఆ సంవత్సరపు 19వ నంబరు చట్టం.

ఇందులో కీలకం ‘నిషిద్ధ స్థలం’ అనే నిర్వచనం. కోటలు, ఆయుధాగారాలు, సైనిక, నౌకా, వైమానిక స్థావరాలు, శిబిరాలు, ఓడలు, సైనిక టెలిగ్రాఫ్, టెలిఫోన్ ఏర్పాట్లు దాని కిందికి వస్తాయి. వీటికి తోడు, శత్రువుకు పనికొచ్చే సమాచారం దొరుకుతుందని భావిస్తే ప్రభుత్వం తన అధీనంలోని ఏ చోటునైనా నోటిఫికేషన్ ద్వారా నిషిద్ధ స్థలం చేయవచ్చు. ఒక దీవిని జనానికి దూరం చేయడానికి ఈ ఒక్క అధికారం చాలు.

మూడో సెక్షన్‌ను కాస్త దగ్గరగా చదవాలి. రాజ్య భద్రతకు, ప్రయోజనాలకు హాని కలిగించే ఉద్దేశంతో నిషిద్ధ స్థలాన్ని సమీపించినా, పరిశీలించినా, దాని మీదుగా పోయినా, పరిసరాల్లో ఉన్నా, లోపలికి వెళ్లినా నేరం. శత్రువుకు పనికొచ్చే నక్షా, నమూనా, రాత తయారుచేసినా నేరమే. రక్షణ నిర్మాణాలకు సంబంధించినదైతే 14 ఏళ్ల వరకు, మిగతావాటికి మూడేళ్ల వరకు జైలు. ఇంతవరకు గూఢచారి మీద పెట్టిన చట్టంలాగే ఉంది. అసలు పదును రెండో ఉపవిభాగంలో ఉంది. హాని చేసే ఉద్దేశాన్ని చూపే ఫలానా పని నిందితుడు చేశాడని ప్రాసిక్యూషన్ నిరూపించనక్కర్లేదు. సందర్భాన్ని బట్టి, ప్రవర్తనను బట్టి, అతని గుణగణాల గురించి రుజువైనదాన్ని బట్టి అలాంటి ఉద్దేశం ఉన్నట్టు కోర్టుకు తోస్తే శిక్ష వేయవచ్చు. పరాయి పాలకుడి పోలీసు రికార్డుల్లో ఒక జాలరి, ఒక సంచార కులస్థుడు ఎలాంటి గుణం కలవాడని రాసి ఉండేదో ఊహించుకోవచ్చు. గూఢచారి కోసం వేసిన వలలో ఊరివాడు పడే వీలు చట్టం మాటల్లోనే ఉంది.

దీనికి ముందే 1903లో రక్షణ నిర్మాణాల చట్టం వచ్చింది. కోట, బురుజు, ఫిరంగి స్థావరం చుట్టూ 2,000 గజాలు, 1,000 గజాలు, 500 గజాలు అని మూడు వలయాలు గీయడానికి అది అధికారం ఇచ్చింది. బయటి వలయంలో సైనికాధికారి రాతపూర్వక అనుమతి లేకుండా నేలమట్టం మార్చకూడదు, గోడ లేపకూడదు, కట్టె, మట్టి, రాయి కుప్ప వేయకూడదు. సర్వే కూడా ప్రభుత్వోద్యోగి కళ్లముందే జరగాలి. లోపలి వలయానికి వచ్చేసరికి పైకి సందులు కనిపించే రెయిలింగు, ఎండు కంప కంచె తప్ప మరేమీ ఉండకూడదు. తుపాకీ గుండుకూ చూపుకూ ఏదీ అడ్డం రాకూడదన్నది దీని లెక్క. ఈ చట్టానికి ఒక మంచి గుణం ఉంది. ఆంక్షల వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని అందులోనే రాశారు. అధికార రహస్యాల చట్టంలో ఆ ఊసే లేదు.

బళ్లారి సీమలో

కెంచనగుడ్డ బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో తుంగభద్ర కుడి ఒడ్డున ఉంది. బ్రిటిష్ కాలంలో ఈ నదే సరిహద్దు. ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల నిజాం రాజ్యంలోని రాయచూరు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక, వాటి మీద పట్టు కోసం బళ్లారిలో పెద్ద దండును నిలిపారు. ఈ ప్రాంతపు జనానికి సైనిక నిషేధం పరిచయమైంది దీవి రూపంలో కాదు, కంటోన్మెంటు రూపంలో. కంటోన్మెంటు అంటే పౌర చట్టాలతో పాటు సైనికాధికారి మాట కూడా చెల్లే నేల. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది అతని చేతిలో ఉండేది. 1889, 1910, 1924 కంటోన్మెంటు చట్టాలు ఆ అధికారాన్ని క్రమబద్ధం చేశాయి. సైన్యంలో అసంతృప్తి రేపుతాడనుకున్న మనిషిని కంటోన్మెంటు నుంచి వెళ్లగొట్టి మళ్లీ రానివ్వకుండా చేసే అధికారం 1924 చట్టంలో ఉంది. జాతీయోద్యమం ఊపందుకున్న రోజుల్లో అది ఎవరిని ఉద్దేశించినదో చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బళ్లారిలో తురుష్క యుద్ధఖైదీల శిబిరం కూడా నడిచింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. సిరుగుప్పతో సహా మిగతా బళ్లారి మైసూరుకు వెళ్లింది. తెలుగు, కన్నడం కలిసి వినిపించే ఈ పల్లెల మీదుగా రాష్ట్రాల గీత మారినా, కంటోన్మెంటు చట్టం, రహస్యాల చట్టం రెండువైపులా అవే మిగిలాయి.

అదే కంటోన్మెంటు అధికారం సికింద్రాబాదులో మన కాలం దాకా నడిచింది. భద్రత పేరుతో స్థానిక సైనికాధికారులు రోడ్లు మూసేస్తే, మల్కాజిగిరి, అల్వాల్ వైపు కాలనీల జనం చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పౌరులు ఏళ్ల తరబడి పోరాడాక, కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవాలని 2018 మేలో రక్షణ శాఖ ఆదేశించింది.

అండమాన్: రాస్ దీవి

1858 మార్చిలో పోర్టుబ్లెయిర్‌లో ఖైదీల స్థావరం మొదలైంది. దాని పాలనకు రాస్ దీవి ముఖ్యకేంద్రమైంది. వంద ఎకరాలు కూడా లేని ఆ దీవి మీద చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బ్యారక్‌లు, క్లబ్బు వెలిశాయి. అనుమతి లేకుండా అండమాన్‌లో దిగడానికి, అక్కడి నుంచి పోవడానికి వీల్లేదు. ఖైదీ పారిపోకూడదన్నది ఒక కారణమైతే, లోపల జరిగేది బయటికి పొక్కకూడదన్నది రెండోది. రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు అనుచరుడైన గాం మల్లుదొర అండమాన్ జైల్లో మగ్గాడు. ఆయన తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండల్లో స్వేచ్ఛగా తిరిగిన మనిషిని దీవిలో బంధించి, ఆ దీవి చుట్టూ అనుమతి పత్రాల గోడ కట్టిన పాలన అది.

1941 జూన్‌లో వచ్చిన భూకంపం రాస్‌ను దెబ్బతీసింది. మరుసటి ఏడాది మార్చిలో జపాన్ సైన్యం అండమాన్‌ను ఆక్రమించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1979లో ఈ దీవి భారత నౌకాదళం చేతికి వెళ్లింది. 2018 డిసెంబరు 30న నేతాజీ సుభాష్‌చంద్ర బోస్ దీవిగా పేరు మారింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిర్ నుంచి ఇప్పుడు పడవల్లో యాత్రికులు వెళ్లి, శిథిలాల మీద అల్లుకున్న మర్రి ఊడల్ని చూసి వస్తున్నారు. సైన్యం అధీనంలో ఉంటూనే జనానికి తెరిచి ఉంచడం సాధ్యమేనని ఈ దీవి చూపిస్తోంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతం దాకా ఉన్నారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకారులు చాలామంది.

ఇక్కడే ఒక తేడా గుర్తించాలి. 1956లో చేసిన ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కూడా ఉత్తర సెంటినెల్ వంటి దీవులకు బయటివారిని రానివ్వదు. అది దీవిలో ఉన్నవారి కోసం బయటివారిని ఆపుతుంది. సైనిక దీవి చట్టం బయటి ప్రయోజనం కోసం దీవిలోనివారిని ఆపుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

డీగో గార్షియా

సైనిక దీవి కోసం వలస చట్టం ఎంత దూరం పోగలదో చూడాలంటే హిందూ మహాసముద్రం మధ్యలో డీగో గార్షియా ఉన్న చాగోస్ దీవులకు వెళ్లాలి. ఇవి మారిషస్‌తో కలిపి పాలించిన దీవులు. మారిషస్ అంటే తెలుగువారికి చుట్టరికం ఉన్న దేశం. 1830ల నుంచి కోరంగి, విశాఖ, గంజాం తీరాల నుంచి ఓడలెక్కిన కూలీల వారసులు అక్కడున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. చాగోస్ జనంలో ఎక్కువమంది ఆఫ్రికా, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతానం. తర్వాత భారతీయ కూలీలూ వారిలో కలిశారు. కొబ్బరి తోటల్లో పని, క్రియోల్ భాష, చర్చి, చేపల వేట, ఇదీ వారి బతుకు.

1965 నవంబరు 8న బ్రిటన్ చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీసి ‘బ్రిటిష్ హిందూ మహాసముద్ర భూభాగం’ అనే కొత్త వలసను సృష్టించింది. మారిషస్‌కు స్వాతంత్ర్యం వచ్చింది ఆ తర్వాతే, 1968 మార్చి 12న. 1966 డిసెంబరులో అమెరికాతో ఒప్పందం కుదిరింది. 50 ఏళ్లు, అవసరమైతే మరో 20 ఏళ్లు రక్షణ అవసరాలకు ఈ దీవులు. ప్రతిగా బ్రిటన్ కొన్న పోలారిస్ క్షిపణుల ఖర్చులో అమెరికా 1.4 కోట్ల డాలర్ల మేరకు తగ్గించింది. ఈ సంగతి అప్పట్లో పార్లమెంటుకు చెప్పలేదు. దీవుల్లో స్థిరమైన జనాభా ఉందని ఒప్పుకుంటే ఐక్యరాజ్యసమితికి జవాబు చెప్పాల్సి వస్తుంది. అందుకే అక్కడున్నవారంతా కాంట్రాక్టు కూలీలేనని చూపించాలని అధికారులు తమ ఫైళ్లలో రాసుకున్నారు.

1968 నుంచి, వైద్యానికో చుట్టపుచూపుకో మారిషస్ వెళ్లినవారిని తిరిగి ఓడ ఎక్కనివ్వలేదు. సరుకుల రాక తగ్గింది. 1971 ఏప్రిల్ 16న ఆ వలస కమిషనర్ వలస ప్రవేశ ఆర్డినెన్సు జారీ చేశాడు. పర్మిట్ లేనిదే ఎవరూ ఆ భూభాగంలోకి రాకూడదు, ఉండకూడదు అన్నదే అందులోని నాలుగో సెక్షన్. ఎన్నికైన సభ లేదు, చర్చ లేదు. ఒక అధికారి సంతకంతో తరతరాలుగా ఉన్నవారు తమ ఇంట్లోనే చొరబాటుదార్లయ్యారు. డీగో గార్షియా అదే ఏడాది ఖాళీ అయింది. పెరోస్ బాన్యోస్, సాలొమన్ దీవులు 1973 నాటికి ఖాళీ అయ్యాయి. పెంపుడు కుక్కల్ని ఒకచోట చేర్చి పొగపెట్టి చంపారు. నోర్డ్‌వేర్ అనే ఓడ మీద జనాన్ని కిక్కిరిసి ఎక్కించి మారిషస్, సీషెల్స్ రేవుల్లో దించారు. ఇలా 1,500 నుంచి 2,000 మంది దాకా ఊరు కోల్పోయారు. పోర్ట్‌లూయీ మురికివాడల్లో వారికి దొరికిన జీవితం దుర్భరం.

న్యాయపోరాటం చాగోస్ బిడ్డ ఒలివియే బాంకూ పేరుతో సాగింది. 2000 నవంబరు 3న లండన్ హైకోర్టు 1971 ఆర్డినెన్సులోని ఆ సెక్షన్‌ను కొట్టేసింది. వలసలకు చట్టాలు చేసే అధికారం ‘శాంతి, సువ్యవస్థ, సుపరిపాలన’ కోసం ఇచ్చినది. ఆ మాటలకు జనాన్ని పాలించడం అని అర్థం గానీ, జనాన్ని తొలగించడం అని కాదు అన్నది తీర్పు సారం. వలస చట్టాల చరిత్రలో ఇంత సూటిగా చెప్పిన తీర్పు అరుదు. మన దేశంలోనూ బ్రిటిష్ వారి రెగ్యులేషన్లు అనేకం ఇలాంటి మాటల చాటునే వచ్చాయి గనుక ఇది మనకూ పనికొచ్చే తర్కం.

ఆ ఆనందం నాలుగేళ్లు కూడా నిలవలేదు. 2004 జూన్ 10న పార్లమెంటుతో పని లేకుండా, రాణి విశేషాధికారంతో రెండు ఆజ్ఞలు తెచ్చి నిషేధాన్ని మళ్లీ పెట్టారు. హైకోర్టు, అప్పీలు కోర్టు వాటిని కొట్టేశాయి. 2008 అక్టోబరు 22న ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) న్యాయమూర్తులు మాత్రం 3–2 మెజారిటీతో ఆ ఆజ్ఞలు చెల్లుతాయన్నారు. లార్డ్ బింగమ్, లార్డ్ మాన్స్ భిన్నాభిప్రాయం రాశారు. 2010లో దీవుల చుట్టూ సముద్ర రక్షిత ప్రాంతం ప్రకటించి చేపల వేటను కూడా ఆపేశారు. అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2015లో ఆ ప్రకటన చట్టవిరుద్ధమని తేల్చింది.

2019 ఫిబ్రవరి 25న అంతర్జాతీయ న్యాయస్థానం 13–1తో సలహా అభిప్రాయం ఇచ్చింది. చాగోస్‌ను విడదీయడమే అక్రమం, బ్రిటన్ వీలైనంత త్వరగా తప్పుకోవాలి అంది. మేలో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 116–6 ఓట్లతో దాన్ని బలపరిచింది. భారత్ మారిషస్ వైపే ఓటు వేసింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది, డీగో గార్షియా స్థావరం మాత్రం 99 ఏళ్ల కౌలుకు బ్రిటన్ చేతిలో ఉంటుంది. మిగతా దీవుల్లో పునరావాసానికి మారిషస్ ఏర్పాట్లు చేసుకోవచ్చు. డీగో గార్షియాలో పుట్టినవారు అక్కడ తిరిగి కాపురం పెట్టే హక్కు ఈ ఒప్పందంలోనూ లేదు.

నిషేధం ఎంత గట్టిదో ఈ మధ్య ఇంకోసారి బయటపడింది. 2021 అక్టోబరులో శ్రీలంక తమిళ శరణార్థులు కొందరు పడవ పాడై డీగో గార్షియా చేరారు. వారి నిర్బంధంపై కేసు వినడానికి 2024 జూలైలో అక్కడికి వెళ్లాల్సిన జడ్జి, న్యాయవాదుల ప్రయాణం అమెరికా భద్రతా కారణాలు చెప్పడంతో ఆగిపోయింది. సొంత భూభాగంలో సొంత కోర్టు కూర్చోడానికి మరో దేశం సరే అనాల్సి వచ్చింది. సెప్టెంబరులో విచారణ జరిగింది. ఆ నిర్బంధం అక్రమమని డిసెంబరులో తీర్పు వచ్చింది.

శ్రీహరికోట

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న శ్రీహరికోట సైనిక దీవి కాదు, అంతరిక్ష కేంద్రం. అయినా వలస కాలపు నిషిద్ధ స్థలం భావన తెలుగునేల మీద ఒక దీవికి పూర్తిగా అమలైనది ఇక్కడే గనుక చెప్పుకోక తప్పదు.

ఈ దీవి యానాది గిరిజనులది. 1835లో ప్రభుత్వం దీని నిర్వహణను తన చేతిలోకి తీసుకుంది. మద్రాసు నగరానికి వంటచెరకు కావాలి, అందుకు ఇక్కడి అడవి కావాలి. తేనె, చిరివేరు, జింక కొమ్ములు ఏరి తెచ్చే యానాదులకు ప్రభుత్వం ధాన్యం కొలిచి ఇచ్చేది. అడవి మీద వారికున్న హక్కు అలా కూలిగా మారింది. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. దేశం గర్వించిన రోజు అది. 43,000 ఎకరాలకు పైగా ఉన్న ఈ కేంద్రంలోకి అనుమతి పత్రం లేనిదే ఎవరూ పోలేరు. దీవి పల్లెలు ఖాళీ అయ్యాయి, యానాదుల తిరుగుడు ఆగింది. ప్రయోగం ఉన్న రోజుల్లో చుట్టుపక్కల తీరగ్రామాల వేట ఆగిపోతుంది.

రాకెట్ ఎగిరేచోట భద్రత అవసరమే. దాన్ని ఎవరూ కాదనరు. 2019లో సందర్శకుల గ్యాలరీ కట్టి ప్రయోగాలను జనానికి చూపించడం మొదలుపెట్టారు. అది మంచి పని. అంతరిక్ష చరిత్ర రాసే పుస్తకాల్లో యానాదులకు రెండు వాక్యాలు కూడా దక్కకపోవడం మాత్రం లోపమే.

నేటి స్థితి

1923 చట్టం ఇంకా అమల్లో ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలోని 22వ సెక్షన్ దానిమీద తనదే పైచేయి అని చెప్పింది. 2006లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండో పాలనా సంస్కరణల సంఘం ఆ చట్టాన్ని రద్దు చేసి, జాతీయ భద్రతా చట్టంలో వేరే అధ్యాయం పెట్టాలని సిఫారసు చేసింది. అది జరగలేదు. వలస కాలపు శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న భారతీయ న్యాయసంహిత వచ్చింది. రహస్యాల చట్టం మాత్రం కదలలేదు. కంటోన్మెంటు చట్టాన్ని 2006లో తిరగరాశారు. 1903 రక్షణ నిర్మాణాల చట్టం నేటికీ సైనిక స్థావరాల పక్కన ఇల్లు కట్టుకునేవారికి ఎదురవుతూనే ఉంది.

కృష్ణా జిల్లా దివిసీమలో నాగాయలంక దగ్గర, సముద్రం ఒడ్డున మడ అడవుల మధ్య గుల్లలమోద ప్రాంతంలో క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న శంకుస్థాపన జరిగింది. దాని అవసరం గురించి వాదన లేదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. వేటకు మూసే సముద్రం ఎంత మేర, ఏయే రోజుల్లో, నష్టపోయిన వేట దినాలకు పరిహారం ఎంత, నోటిఫికేషన్ తెలుగులో పటంతో సహా పంచాయతీ కార్యాలయంలో అతికిస్తారా? 1903లో బ్రిటిష్ వారు కూడా ఆంక్షలతో పాటు పరిహారం రాశారు. స్వతంత్ర దేశం అంతకంటే తక్కువ ఇవ్వకూడదు. గేటు పడకముందే ఆ జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి. దివిసీమ గ్రామసభలు ఆ పని ఇప్పుడే చేయాలి.